పాత సూపర్‌హీరో కామిక్స్‌కు అంత ధర ఎందుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

పది సెంట్లకు అమ్మిన బొమ్మల పుస్తకం నేడు లక్షల డాలర్లు ఎలా పలుకుతోంది?

1938 జూన్ నెల పేరుతో వెలువడిన 'యాక్షన్ కామిక్స్' 1వ సంచిక ఒక్కదాని చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది. జెర్రీ సీగెల్ రాయగా జో షూస్టర్ బొమ్మలు గీసిన సూపర్‌మ్యాన్ కథ మొట్టమొదట అచ్చయింది ఆ సంచికలోనే. అప్పట్లో సుమారు రెండు లక్షల కాపీలు వేశారు. ఇప్పుడు వాటిలో ఓ వంద మాత్రమే మిగిలి ఉంటాయని అంచనా. 2010లో పది లక్షల డాలర్లకు అమ్ముడైన తొలి కామిక్ పుస్తకం ఇదే. 2014లో మరో కాపీ 32 లక్షల డాలర్లకు, 2024 ఏప్రిల్‌లో హెరిటేజ్ సంస్థ వేలంలో ఇంకొకటి 60 లక్షల డాలర్లకు పోయాయి.

ఈ ధర వెనుక మూడు కారణాలున్నాయి. అందులోని పాత్ర తరతరాలుగా జనం నోళ్లలో నానుతూ ఉంది, కాపీలు బాగా అరుదు, ఆ అరుదైనవాటిలోనూ చెడిపోకుండా ఉన్నవి మరీ తక్కువ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ధర అక్కడే ఆగిపోతుంది. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన ఆ ఇద్దరు యువకులకు పాత్ర మీద సర్వహక్కులకు ప్రతిఫలంగా దక్కింది 130 డాలర్లు. ఆ మొత్తం కలిసి ఉన్న 412 డాలర్ల చెక్కు 2012లో వేలానికి వచ్చి 1,60,000 డాలర్లు పలికింది. కామిక్స్ చరిత్రలో ఇంతకన్నా చేదైన లెక్క మరొకటి ఉంటుందని నేను అనుకోను.

పాతదైతే చాలు, విలువ ఉన్నట్టేనా?

కాదు. ఈ రంగంలో కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1940లలో అమెరికాలో నెలనెలా కోట్ల సంఖ్యలో కామిక్స్ అచ్చయ్యేవి. వాటిలో హాస్యకథలు, ప్రేమకథలు, కౌబాయ్ కథలు, జంతువుల కథలు ఎన్నో ఉన్నాయి. ఆ కాలపు పుస్తకాల్లో ఇప్పుడు ఎవరికీ గుర్తులేని పాత్రలవి, చక్కటి స్థితిలో ఉన్నా, సాధారణ పాఠకుడు సైతం కొనగలిగిన ధరకే దొరుకుతాయి. మరోవైపు 1974లో వచ్చిన 'ఇంక్రెడిబుల్ హల్క్' 181వ సంచిక వాటికన్నా ముప్పై ఏళ్లు చిన్నది, వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాపీలు మిగిలినది. అయినా దాని ధర వేల డాలర్లలో మొదలవుతుంది, ఎందుకంటే వుల్వరిన్ అనే హీరో పూర్తి స్థాయిలో తొలిసారి కనిపించింది అందులోనే. కొనేవాడు వయసుకు డబ్బివ్వడు. తాను చిన్నప్పుడు ప్రేమించిన పాత్ర పుట్టిన క్షణానికి ఇస్తాడు.

గోల్డెన్ ఏజ్, సిల్వర్ ఏజ్ అంటూ ఉంటారు. అవేమిటి?

సేకర్తలు కాలాన్ని విభజించుకునే తీరు ఇది. 1938లో సూపర్‌మ్యాన్‌తో మొదలై 1950ల నడిమి వరకు సాగినది గోల్డెన్ ఏజ్. 1956లో 'షోకేస్' 4వ సంచికలో ఫ్లాష్ పాత్రను కొత్త రూపంలో తేవడంతో సిల్వర్ ఏజ్ మొదలైందని చెబుతారు. 1970 ప్రాంతం నుంచి 1980ల నడిమి దాకా బ్రాంజ్ ఏజ్. హద్దుల మీద వాదాలు ఎప్పుడూ ఉంటాయి కానీ, కొనుగోలుదారుకు అవి పెద్దగా అక్కరకు రావు.

పాత్ర తొలిసారి కనిపించిన సంచికకే ఇంత గిరాకీ ఎందుకు? తర్వాతి సంచికల్లో మంచి కథలు లేవా?

ఉన్నాయి, చాలాసార్లు తొలి కథకన్నా మెరుగైనవే ఉన్నాయి. అయితే సేకరణ అనేది సాహిత్య విమర్శ కాదు. మంచి కథ ఏదన్న విషయంలో పదిమంది పది రకాలుగా చెబుతారు, తొలి కథ ఏదన్న విషయంలో మాత్రం సాధారణంగా అందరూ ఒకే సంచిక వైపు వేలు చూపిస్తారు. అందువల్ల డబ్బు అక్కడికి చేరుతుంది. 1939 మే నెల 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచిక బ్యాట్‌మ్యాన్‌ది, 1962 ఆగస్టు 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక స్పైడర్‌మ్యాన్‌ది, 1963 మార్చి 'టేల్స్ ఆఫ్ సస్పెన్స్' 39వ సంచిక ఐరన్ మ్యాన్‌ది. వీటిలో ఏదీ ఆ హీరో పేరుతో వెలువడిన పత్రిక కాదన్నది గమనించదగ్గ సంగతి. స్పైడర్‌మ్యాన్ కథ అయితే మూతపడబోతున్న పత్రిక చివరి సంచికలో వచ్చింది. పన్నెండు సెంట్ల ఆ సంచికను భద్రంగా దాచుకోవాలని అప్పట్లో ఎవరికీ తోచకపోవడానికి అదీ ఒక కారణమే.

తొలి కథ ఏదన్న దానిపై పేచీ వచ్చే సందర్భాలూ కొన్ని ఉన్నాయి. వుల్వరిన్ నిజానికి హల్క్ 180వ సంచిక ఆఖరి పేజీలోనే ఒకసారి తొంగిచూస్తాడు. కథలో పాలుపంచుకున్నది మాత్రం 181లో. మార్కెట్టు 181కే పట్టం కట్టింది, ముఖచిత్రం మీద అతడు కనిపించడం అందుకు బాగా తోడ్పడింది. తర్కం ప్రకారం 180కే పెద్దపీట వేయాలని వాదించేవారి మాటలో న్యాయం లేకపోలేదు, కానీ ధరలు నిర్ణయించేది న్యాయస్థానం కాదు కదా.

తొలి ప్రవేశం కాకపోయినా చరిత్రలో నిలిచిన ఘట్టాలకు కూడా విలువ ఉంటుంది. 1973లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికలో గ్వెన్ స్టేసీ మరణిస్తుంది. హీరో ప్రేమించిన అమ్మాయి నిజంగానే చనిపోవడం ఆనాటి పాఠకులను కుదిపేసింది. తొలి ప్రవేశానికి ముఖచిత్రం బలం తోడై విలువను ఆకాశానికి ఎత్తిన ఉదాహరణ కూడా ఉంది. జో సైమన్, జాక్ కిర్బీల 'కెప్టెన్ అమెరికా కామిక్స్' 1వ సంచిక అట్టమీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతూ ఉంటాడు. దానిమీద ఉన్నది 1941 మార్చి నెల. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. 2022లో దాని కాపీ ఒకటి 31 లక్షల డాలర్లు దాటింది.

లక్షల కాపీలు అచ్చు వేస్తే అవన్నీ ఏమయ్యాయి?

పాత కామిక్స్ విలువంతా ఈ ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. అవి దాచుకునే వస్తువులుగా తయారు కాలేదు. చౌకబారు న్యూస్‌ప్రింట్ మీద అచ్చు వేసి, రెండు పిన్నులు గుచ్చి, మందులషాపుల్లోనూ పత్రికల బంకుల్లోనూ పిల్లలకు అమ్మేవారు. పిల్లలు వాటిని మడిచి జేబులో పెట్టుకునేవారు, స్నేహితులతో మార్చుకునేవారు, అట్టమీద పేర్లు రాసుకునేవారు, ఇష్టమైన బొమ్మలు కత్తిరించుకునేవారు. అమ్ముడుపోని కాపీలకు డబ్బు వాపసు కావాలంటే దుకాణదారు అట్ట పైభాగాన ఉన్న పేరు చించి పంపితే సరిపోయేది. అలా చింపినవి చెత్తలోకో, తక్కువ ధరకు అమ్మకానికో వెళ్లేవి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పాత కాగితాన్ని ఇంటింటా సేకరించి ఇవ్వడం దేశభక్తి కింద లెక్క. ఆ ఉద్యమాల్లో గోల్డెన్ ఏజ్ కామిక్స్ గుట్టలుగుట్టలుగా కాగితపు గుజ్జుగా మారిపోయాయి. యుద్ధం ముగిశాక మరో ఉపద్రవం వచ్చిపడింది. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయన్న ప్రచారం పెరిగి, 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్‌లోనూ, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లోనూ వాటిని బహిరంగంగా తగలబెట్టారు. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ వాదనలు, సెనేట్ ఉపసంఘం విచారణ జరిగాక ప్రచురణకర్తలే దిగివచ్చి కామిక్స్ కోడ్ పేరుతో తమకు తామే కత్తెర వేసుకున్నారు. ఇవన్నీ తప్పించుకున్న కాపీలకు ఇంట్లో అమ్మ ఇల్లు సర్దే రోజు ఎదురయ్యేది. ఎవరూ విలువైనవిగా చూడలేదు కనుకనే అవి పోయాయి, పోయాయి కనుకనే మిగిలినవాటికి ఈ ధర.

గ్రేడింగ్ అంటే ఏమిటి? అది నిజంగా అంత ముఖ్యమా?

కాపీ ఎంత చెక్కుచెదరకుండా ఉందో అంకెలో చెప్పడమే గ్రేడింగ్. కొలమానం 0.5 నుంచి 10.0 వరకు ఉంటుంది. 2000లో మొదలైన సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ, అంటే అందరూ సీజీసీ అని పిలిచే సంస్థ, రుసుము తీసుకుని పుస్తకాన్ని పరీక్షించి, అంకె వేసి, గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇస్తుంది. పరీక్షించేవారు వెన్ను దగ్గర సన్నటి మడత గీతలు, మూలల మొద్దుదనం, పిన్నుల తుప్పు, అట్ట మెరుపు, లోపలి కాగితం తెలుపుదనం చూస్తారు. కాగితం తెలుపు నుంచి మీగడ రంగుకు, అక్కడి నుంచి గోధుమ రంగుకు, చివరికి ముట్టుకుంటే పెళుసుగా విరిగే స్థితికి చేరుతుంది.

ధర మీద దీని ప్రభావం అర్థం కావాలంటే 'అమేజింగ్ ఫాంటసీ' 15నే చూడవచ్చు. 2021 సెప్టెంబరులో 9.6 గ్రేడు కాపీ 36 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అప్పటికి ఆ సంచికకు అంతకన్నా పై గ్రేడు దేనికీ రాలేదు, ఆ గ్రేడు వచ్చినవే నాలుగు. అదే సంచిక బాగా నలిగిన కాపీ పదుల వేల డాలర్లకు దొరుకుతుంది. చదవడానికి కథలో తేడా ఏమీ లేదు. పైగా 9.6 కాపీని ఎవరూ తెరిచి చదవలేరు, తెరిస్తే డబ్బా పగలాలి, డబ్బా పగిలితే గ్రేడు చెల్లదు. చదవడానికి పుట్టిన వస్తువును చదవకుండా ఉంచినందుకు ఇంత మూల్యం చెల్లించడం విడ్డూరమే. అయితే అపరిచితుల మధ్య దూరదేశాల నుంచి కొనుగోళ్లు సాగుతున్నప్పుడు మూడో మనిషి అభిప్రాయం లేకుండా ఇంత పెద్ద మార్కెట్టు నిలబడేది కాదన్నదీ వాస్తవమే.

ఒక చిన్న చిరుగు నిజంగా అంత నష్టం చేస్తుందా?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒకాయన పదివేల డాలర్ల చిల్లరకు పాత ఇల్లు కొని బాగు చేయించుకుంటుండగా, గోడలో చలి ఆపడానికి కుక్కిన పాత కాగితాల మధ్య 'యాక్షన్ కామిక్స్' 1వ సంచిక బయటపడింది. ఉద్వేగంలో బంధువుల మధ్య జరిగిన లాగులాటలో వెనక అట్ట చిరిగింది. 2013లో అది 1.5 గ్రేడుతో 1,75,000 డాలర్లకు అమ్ముడైంది. ఆ చిరుగు ఖరీదు 75,000 డాలర్ల వరకు ఉంటుందని అప్పట్లో అంచనా వేశారు.

చిరిగినదాన్ని అతికించి, వెలసిన రంగు సరిదిద్దితే విలువ పెరగదా?

సాధారణంగా తగ్గుతుంది. చిరుగులు అతికించడం, పోయిన ముక్క చోట కొత్త కాగితం చేర్చడం, రంగు అద్దడం, అంచులు నునుపుగా కత్తిరించడం వంటివన్నీ పునరుద్ధరణ కింద లెక్కకు వస్తాయి. సీజీసీ అలాంటి కాపీలకు ఊదారంగు చీటీ వేస్తుంది. సేకర్తలు ఆ రంగు చూడగానే వెనకడుగు వేస్తారు. అదే గ్రేడున్న సహజమైన కాపీతో పోలిస్తే ధర బాగా పడిపోతుంది. అంచు కత్తిరించడం అన్నిటికన్నా ఘోరం, ఎందుకంటే దాన్ని తిరిగి సరిచేసే దారి లేదు. వేడి, ఒత్తిడితో ముడతలు తీసే ప్రెస్సింగ్‌ను మాత్రం సీజీసీ పునరుద్ధరణగా పరిగణించదు. ఈ తేడా సబబేనా అన్న తగవు ఏళ్లుగా నడుస్తోంది.

ఇంటిదగ్గర సెలోఫేన్ టేపు అతికించడం గురించి చెప్పేదేముంది? దయచేసి అతికించకండి.

ఏదైనా పేజీ లేకపోతే?

పేజీ వరకు అక్కరలేదు, తపాలా బిళ్లంత ముక్క పోయినా చాలు. 1974 నుంచి మార్వెల్ సంస్థ పాఠకుల ఉత్తరాల పేజీలో కత్తిరించి దాచుకునే స్టాంపులు అచ్చు వేసింది. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. హల్క్ 181లోనూ అలాంటి స్టాంపు ఉంది కనుక, ఆ సంచిక కొనేవారు ముందుగా తిప్పిచూసే పేజీ అదే. స్టాంపు లేని కాపీ పైకి ఎంత మెరుస్తున్నా ధరలో పెద్ద కోత తప్పదు.

పెడిగ్రీ కాపీలంటే ఏమిటి?

అచ్చయిన రోజుల్లోనే ఒకే వ్యక్తి కొని, ఒకేచోట భద్రపరిచి, చివరికి మొత్తంగా బయటపడిన సంగ్రహాల నుంచి వచ్చిన కాపీలు ఇవి. అన్నిటిలోకీ పేరెన్నికగన్నది కొలరాడోకు చెందిన ఎడ్గర్ చర్చ్ సంగ్రహం. 1977లో మైల్ హై కామిక్స్ అనే దుకాణం యజమాని చక్ రోజాన్‌స్కీ దాన్ని కొన్నారు. అందులో వేల సంఖ్యలో గోల్డెన్ ఏజ్ కామిక్స్, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంచడంవల్ల గాలీ వెలుతురూ సోకక, నిన్ననే అచ్చయినట్టు దొరికాయి. ఒక పుస్తకం 'మైల్ హై కాపీ' అని రుజువైతే అదే గ్రేడున్న మరో కాపీకన్నా ఎక్కువ ధర పలుకుతుంది.

పుస్తకం ఏ చేతుల గుండా వచ్చిందన్నదీ ధరను ప్రభావితం చేస్తుంది. నటుడు నికొలస్ కేజ్ ఇంట్లో 2000లో దొంగతనానికి గురైన 'యాక్షన్ కామిక్స్' 1, 2011లో కాలిఫోర్నియాలో ఒక అద్దె గోదాములో దొరికి, అదే ఏడాది 21.6 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కొత్త సంగ్రహాలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. ఉత్తర కాలిఫోర్నియాలో ఒక ఇంటి అటకమీద పాత వార్తాపత్రికల కింద దొరికిన 1939 నాటి 'సూపర్‌మ్యాన్' 1వ సంచిక, 9.0 గ్రేడుతో 2025 నవంబరులో 91.2 లక్షల డాలర్లు పలికింది.

1990లలో కొని జాగ్రత్తగా దాచిన కామిక్స్ నా దగ్గర ఉన్నాయి. వాటికి ఎంత వస్తుంది?

చాలావరకు కొన్న ధర కూడా రాకపోవచ్చు. పాత కామిక్స్ ధరలు పత్రికలకెక్కాక, కొత్తవాటిని కూడా పెట్టుబడిగా కొనే వెర్రి అమెరికాలో మొదలైంది. 1991లో వచ్చిన 'ఎక్స్-మెన్' 1వ సంచిక రకరకాల అట్టలతో 80 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ మరణించే 75వ సంచికను నల్ల సంచీలో పెట్టి అమ్మితే జనం బారులు తీరి, ఒక్కొక్కరు ఐదారు చొప్పున కొని, సంచీ విప్పకుండానే దాచారు. అందరూ దాచినది ఎవరికీ అరుదు కాదు. ఆ బుడగ పగిలాక వందల కొద్దీ దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది. అట్ట మీద 'కలెక్టర్స్ ఐటం' అని ప్రచురణకర్తే అచ్చు వేసిన ఏ పుస్తకాన్నైనా నేను అనుమానంగానే చూస్తాను.

సినిమా వస్తే ధర పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ ప్రకటన వచ్చినప్పుడు పెరిగి, సినిమా విడుదలయ్యాక తగ్గడం తరచుగా జరుగుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా కాలంలో ఇంటిపట్టున ఉన్నవారి కొనుగోళ్లు తోడై ధరలు ఒక్కసారిగా ఎగిశాయి, ఆ తర్వాత చాలా సంచికలు దిగివచ్చాయి. స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ వంటి పాత్రలకు ఒక సినిమా ఆడినా పోయినా పెద్ద తేడా పడదు. పేరు తెలియని పాత్ర తొలి సంచికను సినిమా వార్త చూసి కొనడం మాత్రం జూదమే.

నా దగ్గరున్నది అసలు ప్రతా, పునర్ముద్రణా? ఎలా తెలుస్తుంది?

ముందు కొలత చూడాలి. 1974లో 'యాక్షన్ కామిక్స్' 1ని పెద్ద సైజులో తిరిగి అచ్చు వేశారు. దానికి పునర్ముద్రణ అని తెలిపే బయటి అట్ట ఒకటి ఉండేది. అది ఊడదీస్తే లోపల అసలు ముఖచిత్రంతో, పది సెంట్ల ధరతో పుస్తకం కనిపిస్తుంది. దాన్ని చూసి నిధి దొరికిందనుకున్నవారు ఎందరో. అసలు సంచిక సుమారు పదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది, ఇది పదమూడు అంగుళాలు దాటుతుంది. తర్వాత చిన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాలు చూడాలి, ఎందుకంటే ఇటీవలి పునర్ముద్రణల్లో తిరిగి అచ్చు వేసిన సంవత్సరం చిన్న అక్షరాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

రచయిత సంతకం ఉంటే విలువ ఎక్కువా?

సాక్షి ఎదుట చేసిన సంతకమైతే సీజీసీ పసుపు చీటీ వేస్తుంది, కొనేవారికి నమ్మకం కుదురుతుంది. సాక్ష్యం లేని సంతకాన్ని చాలామంది అట్టమీద రాతగానే చూస్తారు. స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ జీవితకాలంలో లెక్కలేనన్ని పుస్తకాలపై సంతకాలు చేశారు కనుక అది ఉన్నంత మాత్రాన పుస్తకం అరుదైపోదు.

మన దేశంలో అచ్చయిన పాత కామిక్స్‌కు విలువ ఉందా?

ఉంది, అయితే ఆ లెక్క రూపాయల్లోనిది. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలుపెట్టి 1990 దాకా నడిపిన ఇంద్రజాల్ కామిక్స్ తొలి సంచికల కోసం వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. మన ఇళ్లలో పాత పుస్తకాలు తూకానికి వేసే అలవాటువల్ల అవి మిగిలిందీ తక్కువే. అమెరికన్ కథల భారతీయ పునర్ముద్రణలు మాత్రం అసలు సంచికల ధరకు దరిదాపుల్లోకి కూడా రావు.

అమెరికాలో కొన్న పాత కామిక్స్‌ను విశాఖపట్నానికో నెల్లూరుకో తెచ్చుకుంటే పాడవుతాయా?

జాగ్రత్త పడకపోతే పాడవుతాయి. న్యూస్‌ప్రింట్‌లో కలప నుంచి వచ్చిన లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు, వేడి, గాలి తగిలితే అది ఆమ్లంగా మారి కాగితాన్ని లోపలి నుంచే తినేస్తుంది. కోస్తాలోని తేమ పిన్నులకు తుప్పు, అట్టకు బూజు తెస్తుంది. సీజీసీ డబ్బా కూడా తేమను పూర్తిగా ఆపదు. మైలార్ అనే పాలియెస్టర్ పొర సంచీలో, వెనక ఆమ్లరహిత అట్టముక్క పెట్టి, పుస్తకాన్ని నిలువుగా ఉంచి, ఉష్ణోగ్రత పెద్దగా మారని గదిలో, బయటి గోడకు ఆనని బీరువాలో పెట్టడం మేలు. మామూలు పాలిథిన్ కవర్లు కొన్నాళ్లకు జిగటగా మారి అట్టకు అంటుకుంటాయి. కలరా ఉండలు పురుగుల్ని ఆపినా, వాటి వాసన కాగితానికి పట్టి వదలదు. 

ధర ఎలా తెలుసుకోవాలి?

1970 నుంచి వెలువడుతున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పట్టిక ఒక ఆధారం, కానీ అది ఏడాదికొకసారి వస్తుంది. అమ్మకందారు అడుగుతున్న ధరకన్నా, అదే సంచిక అదే గ్రేడులో ఈమధ్య ఎంతకు నిజంగా అమ్ముడైందో వేలం సంస్థల పాత ఫలితాల్లో చూడటం నమ్మదగిన పద్ధతి. గ్రేడింగుకు పంపే ముందు రుసుము, రవాణా, బీమా ఖర్చులు కూడి చూసుకోవాలి. యాభై డాలర్ల పుస్తకానికి ఆ ఖర్చే పుస్తకం ధరను మించిపోవచ్చు.